గెలుపు ముంగిట ఐదు నిమిషాలు



నేనుండేది మద్రాసులో, పురసవాక్కంలో. గంగాధరేశ్వరస్వామి గుడి వైపు నుంచి బయలుదేరి, హైరోడ్డు మీదుగా డౌటన్ కూడలి దాటి, వేపేరి మీదుగా నడుచుకుంటూ పోతే పెరియమేట వస్తుంది. అక్కడే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. ఆట ఉన్న రోజు సాయంత్రం ఆ దీపాల వెలుగు దూరానికే కనబడుతుంది. చొక్కాల మీద నీలిరంగు బనీన్లు తొడుక్కున్న కుర్రవాళ్ళు గుంపులు గుంపులుగా అటు నడుస్తూ ఉంటారు. వాళ్ళలో తమిళం మాట్లాడేవారు ఉంటారు, తెలుగు మాట్లాడేవారూ ఉంటారు. గోలు పడినప్పుడు లేచే కేకకు మాత్రం భాష లేదు.

ఈ రోజు మీకు ఫుట్‌బాల్ చరిత్రలోని ఒక చిన్న భాగం చెప్పాలని ఉంది. ఎవరు ఎన్ని గోలులు కొట్టారన్న లెక్క కాదు. ఒక్క గోలు ముందున్న జట్టు, ఆట ముగిసే చివరి నిమిషాల్లో ఆ ఒక్క గోలును ఎలా కాపాడుకుంటుంది? కాపాడుకోలేక ఎలా పోగొట్టుకుంటుంది? వినడానికి చిన్న ప్రశ్నే. కాని ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి హైదరాబాదుకు చెందిన ఒక ఉపాధ్యాయునికి పదేళ్ళకు పైగా పట్టింది. ఆ కథే ఇది.

మొదట మా వీధి సంగతి ఒకటి చెప్పి అసలు కథలోకి వస్తాను.

2015 డిసెంబరు మీకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు నెల వానలకు నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో చెరువులు తెగాయి. డిసెంబరు మొదటి రోజుల్లో మద్రాసు నగరమే నీట మునిగింది. మా స్టేడియంలో జరగవలసిన ఇండియన్ సూపర్ లీగ్ సెమీఫైనల్ ఆట కూడా ఆ వరద వల్ల పూనాకు తరలిపోయింది. అయినా మన చెన్నైయిన్ జట్టు గెలిచి ఫైనలుకు చేరింది. డిసెంబరు 20న గోవాలో ఫైనల్. ప్రత్యర్థి గోవా జట్టే. అంటే పరాయి మైదానం, పరాయి జనం.

ఆ రాత్రి మా వీధి మలుపులో టీ కొట్టు టీవీ ముందు పదిహేను మందిమి చేరాం. చిత్తూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఇస్త్రీ బండి పెద్దాయన నా పక్కనే ఉన్నాడు. ఆట 1-1 గా ఉండగా, 87వ నిమిషంలో గోవా రెండో గోలు కొట్టింది. ఇంకా మిగిలింది మూడు నిమిషాలు. కొట్టులో సగం మంది లేచి వెళ్ళిపోయారు. నేనూ లేవబోయాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "కూసో సామీ, కోతకొచ్చిన చేను కాడ కాపలావాడు కునుకు తీసేది ఇప్పుడే" అన్నాడు.

ఆయన మాటే నిజమైంది. 90వ నిమిషంలో గోవా గోల్‌కీపర్‌కు తగిలి బంతి వాళ్ళ గోలులోకే పోయింది. 2-2. అదనపు సమయంలో కొలంబియా ఆటగాడు మెండోసా మూడో గోలు కొట్టాడు. మూడు నిమిషాల్లో ముగిసిపోతుందనుకున్న ఆటలో రెండు గోలులు పడి, కప్పు మద్రాసుకు వచ్చింది.

వరద బురద ఇంకా ఇళ్ళ గోడల మీద ఆరని రోజులవి. ఆ రాత్రి మా వీధిలో పేలిన టపాకాయల చప్పుడు వేరు. నాకు మాత్రం పెద్దాయన అన్న కాపలావాడి మాటే మనసులో ఉండిపోయింది.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మీకు ఈ మాట నేను విడమరచి చెప్పనక్కరలేదు. నాట్లు వేసినప్పుడు, కలుపు తీసినప్పుడు చేనుకు దొంగభయం లేదు. కంకి బరువెక్కి, వేరుశనగ ఊడ తయారై, పంట చేతికి వచ్చే వారం రోజులే పందులూ, పక్షులూ, దొంగలూ, వానా అన్నీ కలిసి వస్తాయి. రైతు అలసిపోయి ఉండేదీ అప్పుడే. ఆటలోనూ అంతే.

ఇప్పుడు మైదానంలోకి వద్దాం. ఒక్క గోలు ముందున్న జట్టుకు చివరి పది నిమిషాల్లో మూడు దారులు ఉంటాయి.

మొదటిది, అందరూ వెనక్కి తగ్గి గోలు ముందు గోడ కట్టడం. చూడడానికి ఇది చాలా క్షేమంగా కనిపిస్తుంది. కాని మనం వెనక్కి తగ్గిన ప్రతి అడుగూ ఎదుటివాడికి ఇచ్చిన నేలే. వాడు నిర్భయంగా దగ్గరకు వస్తాడు. మనం బంతిని ఎంత దూరం తన్నినా, అందుకోవడానికి ముందు మనవాడు ఒక్కడూ ఉండడు కనుక బంతి మళ్ళీ మన మీదికే వస్తుంది. గోలు ముందు ఇరవై మంది గుమికూడినప్పుడు ఎవరి కాలికి తగిలి బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

రెండవది, కాలం గడపడం. బంతిని మైదానం మూలకు తీసుకుపోయి అక్కడే అడ్డుగా నిలబడడం, త్రో వేయడానికి తీరిగ్గా నడవడం, గోల్‌కీపర్ బంతిని గుండెలకు హత్తుకుని పడుకోవడం. పూర్వం ఇంకో సదుపాయం కూడా ఉండేది. సొంత బ్యాకు ఆటగాడు కాలితో వెనక్కి అందించిన బంతిని గోల్‌కీపర్ చేతులతో పట్టుకోవచ్చు. ముందున్న జట్లు ఈ వీలును ఎంతగా వాడుకున్నాయంటే, చూసేవాళ్ళకు విసుగు పుట్టి చివరకు 1992లో ఆ నియమాన్ని మార్చారు. 2025 నుంచి గోల్‌కీపర్ ఎనిమిది సెకన్లకు మించి బంతిని చేతుల్లో పట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ కిక్ ఇస్తున్నారు. అంటే కాలం గడిపేవాడికీ, నియమాలు రాసేవాడికీ మధ్య పోటీ ఇంకా నడుస్తూనే ఉందన్నమాట.

మూడవది, బంతిని తమ దగ్గరే ఉంచుకుని ఆట ఆడుతూనే ఉండడం. బంతి మన కాళ్ళ దగ్గర ఉన్నంతసేపూ ఎదుటివాడు గోలు కొట్టలేడు. వినడానికి ఇదే అన్నిటికన్నా తేలిక. చెయ్యడానికి ఇదే అన్నిటికన్నా కష్టం. కాళ్ళు అలసి, గుండె దడదడలాడుతూ, జనం అరుస్తూ ఉండగా పది గజాల దూరంలో ఉన్న తనవాడికి బంతిని తిన్నగా అందించడానికి ఎంతో సాధన కావాలి.

ఆ సాధన చేయించిన మనిషి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నారు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలుచుకుంది.

రహీం సాబ్ శిక్షణ చిత్రంగా ఉండేది. ఎదుటివాణ్ణి తప్పించుకుంటూ బంతిని కాలితో నడిపించడం, అంటే డ్రిబ్లింగ్, నిషేధించి ఆయన పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే ఇంకొకడికి అందించి తీరాలి. మరో పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఆ కాలంలో ఇదేదో మాస్టారి చాదస్తం అని కొందరికి అనిపించి ఉండవచ్చు. కాని ఇందాక చెప్పిన మూడో దారికి కావలసింది సరిగ్గా ఇదే. తొందరలో బంతి ఏ కాలికి వస్తే ఆ కాలితోనే, తడుముకోకుండా, తనవాడికి అందించగలగడం.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. భారత జట్టుకు శిక్షకుడు రహీం సాబ్. ఫైనల్లో ఇరాన్ మీద మనం గెలిచింది ఒకే ఒక్క గోలుతో. కొట్టినవాడు మేవాలాల్. ఆ ఒక్క గోలునే చివరిదాకా కాపాడుకుని బంగారు పతకం తెచ్చుకున్నారు. అయితే అది మన రాజధాని, మన జనం. ఇంట గెలిచారు. ఇక రచ్చ గెలవాలి.

రచ్చలో ఒక పరీక్ష 1956 డిసెంబరులో, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాళ్ళు చాలామంది ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియానే 4-2 తో ఓడించారు. నెవిల్ డిసౌజా అందులో మూడు గోలులు కొట్టాడు. సెమీఫైనల్లో ప్రత్యర్థి యుగోస్లావియా. ఐరోపాలో పేరుమోసిన జట్టు. 52వ నిమిషంలో మళ్ళీ నెవిల్ డిసౌజాయే గోలు కొట్టాడు. భారత్ 1, యుగోస్లావియా 0. ఒలింపిక్ ఫైనల్ ముప్పై ఎనిమిది నిమిషాల దూరంలో ఉంది.

ఆ ఆధిక్యం ఎంతసేపు నిలిచిందో తెలుసా? రెండు నిమిషాలు. 54వ నిమిషంలో యుగోస్లావియా సమం చేసింది. 57వ నిమిషంలో ముందుకు పోయింది. చివరకు 4-1 తో మనం ఓడిపోయాం. మూడో స్థానం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంతో తిరిగి వచ్చాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం ఇప్పటికీ అంతకన్నా పైకి పోలేదు.

గోలు కొట్టిన మరుక్షణమే జట్టుకు అన్నిటికన్నా గండం అని ఆటలో పెద్దలు చెబుతారు. సంబరంలో మనసు ఒక అరక్షణం సడలుతుంది. దెబ్బ తిన్నవాడికి మాత్రం కసి రెట్టింపవుతుంది. ఇది మనవాళ్ళకే వచ్చిన జబ్బు కాదు. 1950 ప్రపంచ కప్పు చివరి ఆటలో బ్రెజిల్, తన మారకానా మైదానంలో, ఉరుగ్వే మీద ముందు గోలు కొట్టింది. సమంగా ముగిసినా కప్పు బ్రెజిల్‌దే. అయినా 2-1 తో ఓడిపోయింది. 1999 ఐరోపా చాంపియన్స్ లీగ్ ఫైనల్లో బేయర్న్ మ్యూనిక్ జట్టు ఆరో నిమిషం నుంచి తొంభయ్యో నిమిషం దాకా ముందుండి, అదనపు సమయంలో రెండు గోలులిచ్చి మాంచెస్టర్ యునైటెడ్‌కు కప్పు అప్పగించింది. ఎంత పెద్ద రైతుకైనా కోత రోజు భయం తప్పదు.

రెండో పరీక్ష 1960లో, రోమ్ ఒలింపిక్స్‌లో. అప్పుడూ శిక్షకుడు రహీం సాబే. హంగరీ మీద 2-1 తో ఓడిపోయాం. ఆ ఒక్క గోలు బలరాం కొట్టాడు. తరువాత ఫ్రాన్స్‌తో ఆట. 71వ నిమిషంలో కెప్టెన్ పి.కె.బెనర్జీ గోలు కొట్టాడు. ఇంకా పంతొమ్మిది నిమిషాలు కాపాడుకుంటే ఫ్రాన్స్ మీద గెలుపు. పదకొండు నిమిషాలు కాపాడుకున్నారు. 82వ నిమిషంలో ఫ్రాన్స్ సమం చేసింది. ఆట 1-1 గా ముగిసింది.

మెల్బోర్న్‌లో రెండు నిమిషాలు, రోమ్‌లో పదకొండు నిమిషాలు. ఈ రెండు లెక్కలూ గుర్తుంచుకోండి.

ఇక మూడో పరీక్ష. 1962, ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు. జట్టు కెప్టెన్ చునీ గోస్వామి. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్ జబ్బుతో ఉన్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓడిపోయాం. తరువాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0 తో గెలిచి సెమీఫైనల్ చేరాం. థాయిలాండ్ ఆటలో మన పెద్ద బ్యాకు జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ రోజుల్లో ఇటువంటి పోటీల్లో ఆట మధ్యలో ఒకరికి బదులు ఇంకొకరిని దింపే వీలు లేదు. ప్రపంచ కప్పులోనే ఆ పద్ధతి 1970లో గాని రాలేదు. దిగిన పదకొండు మందే చివరిదాకా ఆడాలి. అలసినా వాళ్ళే, దెబ్బతిన్నా వాళ్ళే.

అప్పుడు రహీం సాబ్ ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కట్టు ఉన్న ఆ బ్యాకును తీసుకుపోయి ముందు వరసలో, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ ఒక గోలు, చునీ ఒక గోలు. మనం 2-0 ముందున్నాం. మళ్ళీ పాత కథే. వియత్నాం రెండు గోలులూ తిరిగి కొట్టేసింది. చివరకు చునీ ఇంకో గోలు కొట్టి 3-2 తో గట్టెక్కించాడు. గెలిచారన్న మాటే గాని, కాపలా ఇంకా కుదరలేదు.

సెప్టెంబరు 4న ఫైనల్. ప్రత్యర్థి, మొదటి ఆటలో మనల్ని ఓడించిన దక్షిణ కొరియానే. పైగా మైదానం బయట ఇంకో తుఫాను. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళకు ఇండోనేషియా ప్రవేశం ఇవ్వనందుకు, వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదని క్రీడా సమాఖ్యలోని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ అన్నారు. దాంతో జకార్తా జనం మండిపడ్డారు. సెప్టెంబరు 3న మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మర్నాడు దాదాపు లక్షమంది నిండిన సెనయాన్ స్టేడియంలో మన జట్టు అడుగుపెట్టినప్పుడు వినిపించింది ఈలలూ, ఎగతాళి కేకలే. ఆ లక్షమందిలో మన వైపు కేకలు వేసినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు అని మనవాళ్ళు తరువాత ఎంతో ఆప్యాయంగా చెప్పుకునేవారు.

రేపు మీరు నాకొక కానుక ఇవ్వాలి, ఆ బంగారు పతకమే ఇవ్వాలి అని ఫైనల్ ముందు రహీం సాబ్ తమను అడిగినట్టు ఆ ఆటగాళ్ళు ముసలితనంలో కూడా తలచుకునేవారు.

ఆట మొదలైంది. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ గోలు. 20వ నిమిషంలో కట్టు కట్టిన తలతో జర్నైల్ సింగ్ గోలు. 2-0. ఇక డెబ్భై నిమిషాలు కాపాడుకోవాలి. మెల్బోర్న్‌లో రెండు నిమిషాలు, రోమ్‌లో పదకొండు నిమిషాలు నిలబడిన జట్టు. మూడు రోజుల కిందట రెండు గోలుల ఆధిక్యం చేజార్చుకున్న జట్టు. పన్నెండు రోజుల క్రీడోత్సవంలో ఇది వాళ్ళ ఐదో ఆట.

అరవై ఐదు నిమిషాలు గడిచాయి. 85వ నిమిషంలో కొరియా గోలు కొట్టింది. 2-1.

శ్రోతలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ ఐదు నిమిషాలనే ఆలోచించండి. లక్షమంది ఒక్కసారిగా లేచి కొరియా కోసం అరుస్తున్నారు. మన గోలు ముందు నిలబడినవాడు పీటర్ తంగరాజ్, ఆరడుగులు దాటిన పొడగరి. హైదరాబాదులో పుట్టి, మద్రాస్ రెజిమెంటు జట్టులో సెంటర్ ఫార్వర్డ్‌గా చేరి గోల్‌కీపర్‌గా మారినవాడు. ముందు వైపు బెనర్జీ, బలరాం ఉన్నారు. ఈ ముగ్గురూ మెల్బోర్న్ వెళ్ళిన జట్టులో ఉన్నవారే, రోమ్ వెళ్ళిన జట్టులో ఉన్నవారే. చునీ, జర్నైల్, అరుణ్ ఘోష్ రోమ్ చూసినవారు. అందిన గెలుపు చేజారితే ఎలా ఉంటుందో వాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

నా ఉద్దేశంలో ఆ ఐదు నిమిషాల్లో మనల్ని నిలబెట్టింది ఇదే. మైదానంలో ఆటగాడికి బయటినుంచి చెప్పడానికి శిక్షకుడికి అప్పట్లో వీలుండేది కాదు. లక్షమంది అరుపుల్లో చెప్పినా వినబడదు. ఏ క్షణంలో బంతిని దూరం తన్నాలి, ఏ క్షణంలో పక్కవాడికి అందించాలి, ఎప్పుడు వెనక్కి పరుగెత్తాలి అన్నది అప్పటికప్పుడు కాళ్ళే నిర్ణయించాలి. ఏళ్ళ తరబడి చేసిన సాధనా, రెండుసార్లు తిన్న దెబ్బా కలిసి ఆ కాళ్ళకు బుద్ధి చెప్పాయి.

ఈల మోగింది. భారత్ 2, దక్షిణ కొరియా 1. బంగారు పతకం.

కానుక అందుకున్న రహీం సాబ్ ఆ తరువాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మళ్ళీ బంగారు పతకం రాలేదు. 1970లో ఒక కాంస్యం వచ్చింది, అంతే. తంగరాజ్ 2008లో, బెనర్జీ, చునీ గోస్వామి 2020లో, బలరాం 2023లో వెళ్ళిపోయారు. 2024లో రహీం సాబ్ మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. అప్పుడుగాని చాలామందికి ఆయన మన హైదరాబాదు మనిషని తెలియలేదు. ఆయన కాపాడిన ఆధిక్యాన్ని మన జ్ఞాపకం కాపాడలేకపోయింది.

సరిహద్దులో ఉన్నవాళ్ళం కనుక ఇంకొక్క మాట. తంగరాజ్ పేరు తమిళ పేరు, పుట్టింది హైదరాబాదులో. బలరాం తల్లిదండ్రులు తమిళులు, ఆయన పుట్టి ఆట నేర్చింది సికింద్రాబాదులో. రహీం సాబ్ ఇంటి భాష ఉర్దూ. బెనర్జీ, గోస్వామి బెంగాలీలు. జర్నైల్ పంజాబీ. వీరు మనవారా, వారివారా అని మనం పంచుకుంటూ కూర్చోవచ్చు. ఆ ఐదు నిమిషాల్లో మాత్రం ఆ పదకొండు మందిలో ఎవరికీ ఆ ఆలోచన వచ్చే తీరిక లేదు. బంతి ఎవరి దగ్గర ఉంటే వాడు, తన పక్కవాడు ఎక్కడున్నాడా అని చూశాడు.

ఈసారి మీ పల్లెలో కుర్రవాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతుంటే కాసేపు నిలబడి చూడండి. సత్యవేడులో కానివ్వండి, సూళ్ళూరుపేటలో కానివ్వండి, నగరిలో కానివ్వండి. ఒక గోలు ముందున్న జట్టు చివరి నిమిషాల్లో ఏం చేస్తున్నదో గమనించండి. అందరూ వెనక్కి పరుగెత్తి, బంతిని ఆకాశంలోకి తంతూ, ఎంతసేపు అని మాటిమాటికీ అడుగుతుంటే, ఆ చేనుకు కాపలా లేనట్టే. అలాకాక తలెత్తి చూసి, పక్కవాడికి తిన్నగా బంతి అందిస్తుంటే, రహీం మాస్టారి పాఠం ఇంకా బతికి ఉన్నట్టే.